ఏడో వాగుకు ఊ కొట్టిన లచ్చవ్వ

కరీంనగర్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థలో ముప్పై నాలుగేళ్లు పుస్తకాలు దిద్దాను. ఎవరైనా అడిగితే ఎడిటర్‌నని చెప్పుకునేవాణ్ని. మా చుట్టాలు మాత్రం చివరిదాకా "జలీల్ ప్రెస్సుల పని జేస్తడు" అనే అన్నారు. వాళ్ల మాటే నిజానికి దగ్గర.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. నేను సూత్రాలేవో చెప్తానని, రాసుకుందామని కూర్చున్నారు. నా దగ్గర సూత్రాల్లేవు. ఉంటే ఇన్నేళ్లలో నేనే పాటించి బాగుపడేవాణ్ని. నా దగ్గర ఒక తప్పు ఉంది. అది వాళ్లకు ఆ రోజు నోటితో సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. దానికి ముందు ఇంకో చిన్న తప్పు గురించి చెప్పాలి. అది తెలియకపోతే రెండోది అర్థం కాదు.

చచ్చిన ముసలమ్మ పెళ్లికి రావడం

నేను పనిలో చేరిన కొత్తలో ఒక పెద్ద రచయిత నా ఎదురుగానే మా యజమానిని అడిగాడు: "తుర్కపిల్లగాడు తెలుగు దిద్దుతడా?" అని. మా యజమాని రాజేశం సారు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఇంట్లో దక్నీ మాట్లాడుకుంటాం, నిజమే. కానీ నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ని. ఈయన పుస్తకంలో ఒక్క అక్షరం తప్పు కూడా మిగలనీయనని పంతం పట్టాను. ఆ పంతమే నన్ను ముంచింది. అక్షరాలు చూస్తూ చూస్తూ కథను చూడటం మరిచిపోయాను.

అప్పట్లో ప్రూఫు చూడాలంటే ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో సరిచూసుకోవాలి. మేం కూర్చునే చోటికి ఆనుకునే ఫారాలు మడిచే గది. అచ్చయిన పెద్ద కాగితాలను ఆడవాళ్లు చెక్క బద్దతో మడతలు పెట్టి పుస్తకం చేసేవారు. వాళ్లలో లచ్చవ్వ అప్పుడే చేరింది. చదువు రాదు. మూడు రోజులుగా మా చదువుడు వింటూ మడతలు పెడుతోంది. నాలుగో రోజు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, ఒక మాటడుగుత, తప్పు వట్టవు గదా? గా ముసలవ్వ మొన్ననే సచ్చిపాయె గదా. మల్ల మనుమని పెండ్లికి ఎట్లొచ్చింది?"

గదిలో అందరూ పక్కున నవ్వారు. నేను పేజీలు వెనక్కి తిప్పి చూశాను. మూడో అధ్యాయంలో ముసలమ్మ చనిపోయింది. తొమ్మిదో అధ్యాయంలో వచ్చి అక్షింతలు వేసింది. అంత పేరున్న రచయిత రాసినప్పుడు చూసుకోలేదు, ఎం.ఏ. చదివిన నేను దిద్దినప్పుడు చూడలేదు. నాకు సిగ్గేసింది, ఆయన కూడా పట్టుకోలేదని లోపల జర సంతోషం కూడా వేసింది. దాచడం ఎందుకు.

ఆ రోజు నుంచి నా పని పద్ధతి మారింది. మా దగ్గరికి వచ్చిన ప్రతి కథ, ప్రతి నవల మధ్యాహ్నాలు లచ్చవ్వకు పైకి చదివి వినిపించేవాణ్ని. ఆమె మడతలు పెడుతూ ఊ కొట్టేది. మా దిక్కున కథ చెప్తే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే చెప్పేవాడు ముందుకు పోడు, అదొక మర్యాద. ఎక్కడ ఆమె ఊ ఆగిందో అక్కడ నేను పక్కన పెన్సిల్‌తో గీత పెట్టేవాణ్ని. నూటికి తొంభైసార్లు అక్కడ ఏదో ఒక లోపం ఉండేది. మొదట్లో రచయితలు మండిపడ్డారు, చదువురాని మనిషి మా రాత చూసేదేంటని. కొన్నేళ్లకు వాళ్లే ఫోన్ చేసి "లచ్చవ్వ గీతలెన్ని పడ్డయి సార్?" అని అడగడం మొదలుపెట్టారు.

శనివారం చప్పిడి

లచ్చవ్వ గురించి ఇంకొంత చెప్పాలి. ఆమె మొగుడు పోశం మస్కట్ పోయాడు. రెండేళ్లు ఫోన్లు చేశాడు, ఆ తర్వాత మాట లేదు. కంపెనీ వాళ్లను అడిగితే పని మానేసి బయటికి పోయిండన్నారు. పంపించిన ఏజెంటు దుకాణం మూసేశాడు. ఆమె తిరగని ఆఫీసు లేదు. బతికున్నాడని చెప్పేవాడు లేడు, పోయాడని చెప్పేవాడూ లేడు.

ఆమె కొండగట్టు పోయి అంజన్నకు మొక్కుకుంది. పోశం ఇంటికి వచ్చేదాకా శనివారం నాడు ఉప్పు ముట్టనని. అట్లా పదకొండేళ్లు. శనివారం మధ్యాహ్నం మేమందరం డబ్బాలు తెరిచి కూర్చుంటే ఆమె డబ్బాలో చప్పిడి అన్నం, చప్పిడి పప్పు ఉండేవి. నా భార్య షాహిన్ నాకు జామకాయ ముక్కలతో పాటు చిన్న పొట్లంలో ఉప్పూకారం కట్టిచ్చేది. శనివారాల్లో ఆ పొట్లం లచ్చవ్వ ముందు విప్పడానికి నాకు మనసొప్పేది కాదు. జామకాయ ఉత్తదే తినేవాణ్ని.

బంధువులు దినాలు చేసి పని ముగించమని పోరుపెట్టేవారు. "మనిషి లేని దినాలేంది? ఎవలకు పెట్టాలె?" అనేది.

రుక్మిణి నవలలు

ఏడు వాగుల పిల్ల కథ మా తరం పిల్లలందరికీ తెలుసు. చిన్న బొమ్మల పుస్తకం, ప్రతి బడిలో ఒక చిరిగిన ప్రతి ఉండేది. ఒక ఊళ్లో ఉప్పు అయిపోతుంది. ఒక పిల్ల తండ్రి ఉప్పు తేవడానికి ఏడు వాగుల అవతలికి పోయి తిరిగి రాడు. పిల్ల వెతుక్కుంటూ పోతుంది. ప్రతి వాగూ దాటనివ్వడానికి ఏదో ఒకటి అడుగుతుంది. ఆ పిల్ల అన్నీ ఇచ్చి ఏడు వాగులూ దాటి బాపునూ ఉప్పునూ ఇంటికి తెస్తుంది. ఊరంతా కూర్చుని తింటుంది. అంతే కథ.

బోథ్‌లో టీచరుగా పనిచేసే రుక్మిణి ఆ చిన్న కథను పట్టుకుని నాలుగు నవలలు రాసింది. ఆమె రాతలో వాగులంటే ఉత్త నీళ్లు కాదు. ఒక్కో వాగు ఒక్కో లోకం, ఒక్కోదానికి ఒక మనసు, ఒక పగ. మొదటి వాగు పిల్ల గజ్జెలు అడిగింది, మూడోది నీడ అడిగింది, అయిదోది పేరు అడిగింది. పేరు ఇచ్చేసిన పిల్లను ఊళ్లో కుక్క కూడా గుర్తుపట్టదు. పిల్లలు ఆ పుస్తకాలు చేతులు మారుస్తూ చదివారు. అయిదో నవల, ఆఖరుది, 'ఏడో వాగు'.

లచ్చవ్వకు ఆ కథ మీద ఎంత పిచ్చో చెప్పలేను. మామూలుగా ఏ పుస్తకమైనా విని మరిచిపోయేది. ఇదొక్కటి మాత్రం అడిగి అడిగి చంపేది.

"సారూ, గా పొల్ల ఏడిదాక వొయింది? రుక్మిణమ్మ మల్ల రాసిందా?"

"రాస్తుంది, ఆగు."

"బాపు దొరుకుతడా?"

"పాత కథల దొరికిండు గదా. దొరుకుతడు."

ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. ఆమె ఎందుకు అడుగుతోందో నాకు తట్టాలి కదా? తట్టలేదు. అక్షరాలు చూసి చూసి మనుషులను చూడటం కూడా తగ్గిపోయిందేమో.

ఆఖరి అధ్యాయం

'ఏడో వాగు' రాతప్రతి వేసవిలో వచ్చింది. ఆఖరి అధ్యాయం ఇంటికి తెచ్చుకుని చదివాను. పిల్ల ఏడో వాగు దగ్గరికి వస్తుంది. ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అన్నీ ఇచ్చేసింది. వాగు అంటుంది: ఇంకొకటి ఉంది, నీ ఎదురుచూపు ఇస్తావా అని. అది ఇస్తే బాపు కోసం చూడటం ఆగిపోతుంది, ఇవ్వకపోతే దాటలేదు. పిల్ల చాలాసేపు ఒడ్డున కూర్చుని చివరికి ఇచ్చేస్తుంది. అవతలి ఒడ్డున ఉప్పుమడి ఒకటే ఉంది. బాపు ఎప్పుడో అందులో కలిసిపోయాడు. పిడికెడు ఉప్పు కొంగున కట్టుకుని ఇంటికి వస్తుంది, అన్నం వండుతుంది, ఉప్పేసుకుంటుంది, ఊరిని తినడానికి పిలుస్తుంది.

"కైకు రోతే జీ?" అని షాహిన్ వచ్చి పక్కన కూర్చుంది, ఎందుకు ఏడుస్తున్నావని. నవల బాగుందని చెప్పాను. నిజానికి నేను నవల కోసం ఏడవలేదు. దీన్ని లచ్చవ్వకు చదివి వినిపించాలి కదా, అదీ నా ఏడుపు.

మర్నాడు ప్రెస్సులో, బాపు రాడని చెప్పగానే రాజేశం సారు కుర్చీలోంచి లేచాడు. మంచి మనిషి, ముప్పై నాలుగేళ్లలో నన్ను ఒక్కనాడు గొంతెత్తి అనలేదు. కానీ పాఠకులంటే ఆయనకు భయం. యజమానికి ఉండకూడని గుణం అదే.

"పిల్లల పుస్తకం జలీల్ భాయ్. నాలుగు పుస్తకాలు ఎంటవడి సదివిన పోరగాండ్లు. బాపు రాలేదంటె మన మొకాన ఊంచుతరు. మార్చుమను."

రుక్మిణికి ఫోన్ చేశాను. ఆమె మెత్తగా మాట్లాడుతుంది, కానీ వంగదు. వాళ్ల దిక్కున అమ్మను ఆయి అంటారు. "బాపు రాడు సార్. మా ఆయి నాకు చిన్నప్పుడు ఈ కథ చెప్పినప్పుడే నాకు నమ్మకం కలుగలే. గంత దూరం పోయినోడు గంత సుఖంగ వస్తడా? నేను మార్చ."

ఇద్దరి మధ్య నలిగి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. లచ్చవ్వ ఊ కొడితే రుక్మిణి రాసింది రాసినట్టు అచ్చవుతుంది. ఆఖరి అధ్యాయంలో ఊ ఆగితే రుక్మిణి మారుస్తుంది. ఇద్దరూ ఒప్పుకున్నారు. రుక్మిణికి ఆ చెవి మీద అంత గురి. ఈ పంచాయితీ సంగతి లచ్చవ్వకు ఎవరం చెప్పలేదు.

చదివిన రోజు

రోజుకు రెండు అధ్యాయాల చొప్పున చదువుకుంటూ వచ్చాను. ఒక శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి ఆఖరిది మొదలుపెట్టాను. రాజేశం సారు కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకుని కూర్చున్నాడు. ఇంకా మూడు కాగితాలు ఉన్నాయనగా పిల్ల ఏడో వాగు దగ్గరికి చేరింది. తలెత్తి చూశాను. లచ్చవ్వ చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లలో ఏ కథకూ ఆ చేతులు ఆగడం నేను చూడలేదు. మెడలో పుస్తెలతాడును బొటనవేలితో పట్టుకుని నా నోటి వంక చూస్తోంది.

నా వల్ల కాలేదు. కళ్లు కాగితం మీదే పెట్టి, నోటికి వచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. వాగు జాలిపడి దారి ఇచ్చిందన్నాను. అవతలి ఒడ్డున బాపు ఉప్పు మూట భుజాన పెట్టుకుని నిలబడ్డాడన్నాను. బిడ్డను ఎత్తుకున్నాడన్నాను. ముప్పై నాలుగేళ్లు ఇతరుల రాతలు దిద్దినవాణ్ని, నా సొంతంగా కట్టిన కథ అదొక్కటే. ఎంత పేలవంగా కట్టానో చెప్తున్నప్పుడే నాకు తెలుస్తోంది.

చివర్లో లచ్చవ్వ "ఊ" అంది. ఒక్కటే. మెల్లగా. తర్వాత మళ్లీ మడతలు పెట్టడంలో పడింది.

రాజేశం సారు తొడ చరిచాడు. "అగో! బాపు వచ్చిండు గదా! మార్పిచ్చి నాకు చెప్పనే లేదు నువ్వు! లచ్చవ్వ ఊ కొట్టింది, ఇంకేంది? గిదే వేద్దాం."

నాకు మింగలేక కక్కలేక అయింది. అబద్ధం చెప్పానని లచ్చవ్వ ఎదురుగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రుక్మిణి పుస్తకం నాశనం. నేను నోరు తెరిచేలోగా ఆయన అక్కడే రుక్మిణికి ఫోన్ కలిపి, మీరు మార్చిన ముగింపు చాలా బాగుందని పొగిడాడు. అవతల ఆమె ఏమందో వినబడలేదు. ఫోన్ పెట్టేసి, "రేపొస్తదట" అన్నాడు.

తప్పు ఏమిటంటే

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. లచ్చవ్వ తట్టుకోలేదని నేను తీర్పు చెప్పేశాను. ఎవరు చెప్పమన్నారు నాకు? మొగుడు లేని ఇల్లు పదకొండేళ్లు నడిపిన మనిషి ఒక కథ వింటే కూలిపోతుందా? ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ మూడు కాగితాలు చదువుతున్నప్పుడు ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. కాపాడుకున్నది నన్ను నేను.

ఎడిటర్ రచయితతో పోట్లాడవచ్చు, యజమానికి ఎదురు చెప్పవచ్చు, అలిగి రెండు రోజులు రాకపోవచ్చు. ఇవన్నీ నేను చేశాను, మీరూ చేస్తారు. కానీ వినేవాళ్లకు కాగితం మీద లేనిది చదవకండి. ఆ రోజు నేను రుక్మిణి పుస్తకానికి ఒక ద్రోహం చేశాను, లచ్చవ్వకు ఇంకా పెద్ద ద్రోహం చేశాను. ఆమె పని వినడం. ఆ పనిని నేను లెక్క చేయలేదు.

శనివారం

రుక్మిణి పొద్దున్నే బోథ్‌లో బస్సెక్కి మేం డబ్బాలు తెరిచే వేళకు వచ్చింది. భుజాన సంచీ, మొహమంతా దుమ్ము. మంచినీళ్లు కూడా అడగలేదు.

"నేను రాయని ముగింపుకు లచ్చవ్వ ఊ ఎట్ల కొట్టింది సార్? నేను ఒక్క అక్షరం మార్చలే."

రాజేశం సారు అయోమయంగా నా వంక చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకుని కూర్చున్నాను. లచ్చవ్వ తన డబ్బా మూత పక్కన పెట్టి మాట్లాడింది.

"సారును అనకు తల్లీ. ఆయన నువ్వు రాసింది సదువలే."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు రాజేశం సారు.

"నేను కాయిదాలు మడిచేదాన్ని. సారు చేతిల ఇంక మూడు కాయిదాలు ఉండంగనే కథ అయిపోయింది. ఒక్కటి గూడ తిప్పలే. కాయిదం తిరిగిన సప్పుడు నాకు తెల్వదా?"

"మరి ఊ ఎందుకు గొట్టినవు?"

లచ్చవ్వ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు ఎంతో తేలిగ్గా ఉండేది.

"పాపం, నా కోసమని గంత కష్టపడి అబద్ధం ఆడవట్టె. ఎట్ల కొట్టకపోత?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అరవైకి దగ్గరపడిన మనిషిని, అందరి ముందూ ఏడ్చాను. రుక్మిణి అప్పటికి గానీ లచ్చవ్వ మెడలో తాడును, ముందున్న చప్పిడి డబ్బాను సరిగా చూడలేదు. మా పక్కన కూర్చున్న ఆడవాళ్లలో ఎవరో మెల్లగా ఆమెకు రెండు మాటల్లో సంగతి చెప్పారు. రుక్మిణి మొహం వాడిపోయింది. "లచ్చవ్వా, నాకు తెల్వదు. నేను మారుస్త. బాపును తీసుకొస్త" అంది.

"ఎందుకు? నీ కథల ఏమున్నదో అది సదువు. గా మూడు కాయిదాలు. నేను అయిదు పుస్తకాలు ఇన్న. ఆఖరుకు ఇననియ్యరా నన్ను?"

నేను సొరుగులోంచి ఆ మూడు కాగితాలు తీసి రుక్మిణి చేతికిచ్చాను. ఆమె కింద చాప మీద లచ్చవ్వకు ఎదురుగా కూర్చుని చదివింది. పిల్ల ఒడ్డుకు వచ్చింది. ఊ. నీ దగ్గర ఇంకా ఒకటి ఉందని వాగు అంది. ఊ. నీ ఎదురుచూపు ఇస్తావా అని అడిగింది.

ఊ రాలేదు.

రుక్మిణి ఆగిపోయింది. మర్యాద తెలిసిన పిల్ల, ఊ రానిదే ముందుకు పోలేదు. రాజేశం సారు గుమ్మం పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎంతసేపో నాకు గుర్తు లేదు, డబ్బాలో నా అన్నం ఎండిపోయింది. లచ్చవ్వ తల వంచి తన చేతులను చూసుకుంటూ కూర్చుంది.

"ఊ" అంది చివరికి. "సదువు."

రుక్మిణి చివరిదాకా చదివింది. ఉప్పుమడి, కొంగున కట్టిన పిడికెడు ఉప్పు, పొయ్యి మీద అన్నం, అన్నిటికీ ఊ పడింది. చదవడం అయిపోయాక రాజేశం సారు గొంతు సవరించుకుని, "అట్లనే వెయ్యిండ్రి" అని చెప్పి లోపలికి పోయాడు. ఆ పుస్తకంలో తర్వాత మేం ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

లచ్చవ్వ డబ్బా దగ్గరికి జరుపుకుంది. చల్లారిన అన్నం వేళ్లతో చిదిమింది. నా వైపు చెయ్యి చాచింది.

"సారూ, నీ పొట్లంల ఉప్పుంటది గదా. జర ఇయ్యి."

పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను. "శనివారం లచ్చవ్వా" అన్నాను.

"ఎరుకే. అంజన్నకు నేను జెప్పుకుంట. వచ్చే మంగళారం కొండగట్టు పోత." పొట్లం విప్పి ఉప్పూకారం అన్నంలో కలుపుకుంది. "పుస్తెలు తియ్య. అవి నావి. సప్పిడి ఆయన కోసం తిన్న. సాలు."

ఒక ముద్ద తిన్నది. కళ్లు మూసుకుని నమిలింది. కళ్లనీళ్లు కారి చెంపల మీదికి వచ్చినా తుడుచుకోలేదు. రెండో ముద్ద కలిపి రుక్మిణి వైపు చూసింది.

"కథ అయిపోయిందా తల్లీ?"

"అయిపోయింది లచ్చవ్వా."

"మంచిది. పొద్దుగాల ఎప్పుడనంగ బయలెల్లినవో. కూసో, తిందాం."